బైపాస్ తర్వాతి జీవితం కూడా అమానతే



గుండెకు బైపాస్ ఆపరేషన్ జరిగి ఇంటికొచ్చిన వారి విషయంలో మన ఇళ్లలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. కొందరు ‘అల్లాహ్ బాగుచేశాడు, ఇక భయమేమిటి?’ అంటూ మందులు మానేస్తారు, వెంటనే మునుపటిలాగే నమాజు, ఉపవాసాలు పాటిస్తామని పట్టుబడతారు. మరికొందరు బతుకు అయిపోయినట్లు మంచం దిగరు. రెండూ సరైనవి కావు.

మన శరీరం మన సొత్తు కాదు. అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. హజ్రత్ సాద్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) ఆయన ఛాతీపై చేయి వేసి, అది గుండె జబ్బని చెప్పి, హారిస్ బిన్ కలదా అనే వైద్యుని దగ్గరకు వెళ్లమన్నారని అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది. కనుక వైద్యుని మాట వినడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

బైపాస్‌లో కాలి నుంచో, ఛాతీ లోపలి నుంచో తీసుకున్న రక్తనాళంతో, పూడుకుపోయిన చోటును దాటించి రక్తానికి కొత్త దారి వేస్తారు. జబ్బు మాత్రం సమూలంగా పోదు. పొగ తాగడం, అదుపులేని షుగరు, బీపీ, కొవ్వు అలాగే ఉంటే కొత్త దారి కూడా పూడుకుపోతుంది. తౌబా చేసి మళ్లీ అదే పాపానికి మళ్లినట్లే ఇది!

ఆపరేషన్ కోసం కోసిన ఛాతీ ఎముక అతకడానికి సుమారు 6 నుంచి 12 వారాలు పడుతుంది. అంతవరకు బరువులెత్తకూడదు, చేతులు ఊని లేవకూడదు. సజ్దా నుంచి లేచేటప్పుడు మనం చేసేది అదే కదా! నిలబడలేనివారు కూర్చుని, అదీ చేతకాకపోతే పడుకుని నమాజు చేయవచ్చని ప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు తెలిపారు. రుకూకు కొంచెం, సజ్దాకు మరికొంచెం తల వంచితే చాలు. ఉపవాసాల విషయంలోనూ దివ్య ఖుర్‌ఆన్ రోగికి సడలింపునిచ్చింది. కోలుకున్నాక ఖజా పాటించాలి, కోలుకునే ఆశ లేనివారు ఫిద్యా చెల్లించాలి. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించడం కూడా విధేయతే.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు దిగులు, నిద్రలేమి, ఊరికే ఏడుపు రావడం చాలామందిలో కనిపిస్తాయి. దాన్ని ఈమాన్ బలహీనత అనకండి. హజ్రత్ యాఖూబ్ (అ) కూడా దుఃఖంతో చూపు కోల్పోయారు. కాని అల్లాహ్ కారుణ్యం పట్ల ఆశ వదులుకోలేదు. దిగులు తగ్గకపోతే వైద్యునికి చెప్పాలి.

ఇంటివారు రోగిని మంచానికి కట్టిపడేయకూడదు. వైద్యుడు చెప్పినట్లు మొదట ఇంట్లోనే నాలుగడుగులు, తర్వాత వీధి చివరి వరకు, ఇన్‌షా అల్లాహ్, ఆ తర్వాత మస్జిదు వరకు నడిపించాలి. పరామర్శకు వెళ్లేవారు కాసేపు కూర్చుని, దుఆ చేసి లేవాలి. రాత్రింబవళ్లు సేవచేసే ఇల్లాలికి ఒక పూట విశ్రాంతి కల్పించడం కూడా పుణ్యకార్యమే.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, తిరిగి దొరికిన ఆయుష్షును ఆయన ప్రసన్నత కోసం గడిపే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.