దండు వెంట నడిచిన స్త్రీ, యుద్ధధర్మం

పద్దెనిమిదో శతాబ్దపు మద్రాసు సైన్యంలో సిపాయి కదిలితే సంసారమూ కదిలేది. 1780 ఆగస్టు చివర గుంటూరు సీమ నుంచి దక్షిణానికి వస్తూ, వరదకు కుశస్థలి ఒడ్డున చిక్కుబడిపోయిన కర్నల్ బెయిలీ దళంలో సుమారు 2,800 మంది సైనికులని లెక్క. ఎద్దులు తోలేవాళ్లు, వంటవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు అలాంటి లెక్కల్లో ఉండరు. తిరువళ్ళూరు, తిరుత్తణి సీమలను తడిపే ఆ నది దాటితే మైసూరు పాలకుడు హైదరలీ సేన కాచుకుని ఉంది. దండు వెంట నడిచే స్త్రీ యుద్ధంలో ఉన్నట్టా, లేనట్టా? ఆమెకు ఏ ధర్మం రక్ష?

యుద్ధంలో స్త్రీ అనగానే గుర్తొచ్చే సత్యభామ కథ ఇక్కడ పనికిరాదు. ఆమె విల్లు పట్టింది. విల్లు పట్టకుండా, పట్టినవాడికి అన్నం వండిపెట్టే స్త్రీ సంగతి వేరు. ఆయుధం లేనివాణ్ని, పోరాడక చూస్తూ నిలబడ్డవాణ్ని కొట్టరాదని మనుస్మృతి ఏడో అధ్యాయం చెబుతుంది. ఆమె దగ్గర ఆయుధం లేదు, నిజమే. కానీ ఊరికే చూస్తూ నిలబడ్డ మనిషీ కాదు. భారతం ఇంకొంచెం లోతుకు వెళ్లింది. భీష్మపర్వం మొదట్లో ఇరుపక్షాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారం సారథినీ, ఆయుధాలు మోసుకొచ్చేవాణ్నీ, భేరి వాయించేవాణ్నీ కొట్టకూడదు. వీళ్లంతా యుద్ధానికి పనిచేసేవాళ్లే. యుద్ధానికి సాయపడినంత మాత్రాన రక్షణ పోదన్న ఈ సూత్రం దండులోని స్త్రీకి అందరికన్నా బాగా సరిపోతుంది.

కౌటిల్యుడి చూపు వేరు. అర్థశాస్త్రం పదో అధికరణంలో వైద్యుల పక్కనే, అన్నపానాలతో సేన వెనుక నిలబడి యోధులను ఉత్సాహపరిచే స్త్రీలకూ చోటుంది. ఆయన దృష్టిలో వాళ్లు సేనలో భాగం. మనవాడు భాగమనుకున్నదాన్ని శత్రువు మాత్రం ఎందుకు విడిచిపెట్టాలి అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. దానికి పదో అధికరణం జవాబివ్వదు; శత్రువు కోటనో దండునో పట్టుకున్నప్పుడు పోరాడనివాళ్లకు అభయమివ్వమని పదమూడో అధికరణం మాత్రం అంటుంది.

1780 సెప్టెంబరు 6న పేరంబాక్కం దగ్గర హైదరలీ కొడుకు టిప్పు బెయిలీని అడ్డగించాడు. 10న పొళ్లిలూరులో ఆ దళం నాశనమైంది. మందుగుండు బండ్లు పేలిపోయాయి. దండు వెంట వచ్చిన జనం ప్రాణభయంతో సైనికుల వరుసల్లోకి తోసుకొచ్చారు. అలాంటి చోట వధ్యులెవరో అవధ్యులెవరో తేల్చే తీరిక ఏ కత్తికీ ఉండదు. అయితే ధర్మశాస్త్రం అసలు తడబాటు రణరంగంలో కాదు, దానికి చాలా ముందే ఉంది. నిరాయుధుణ్ని కొట్టవద్దన్న మనుస్మృతి ఏడో అధ్యాయమే, వంద శ్లోకాలు దాటాక, శత్రువును ముట్టడించి అతని గడ్డినీ అన్నాన్నీ నీళ్లనూ వంటచెరకునూ పాడుచెయ్యమంటుంది. దండులో స్త్రీ చేతిలో ఉండే పనులు సరిగ్గా అవే. హైదరలీ దండయాత్రలో కర్ణాటక (ఆర్కాటు) సీమ పొలాలూ పల్లెలూ తగలబడ్డాయి. ఆ యుద్ధకాలంలోనే మద్రాసు చుట్టూ కరువు వచ్చింది. కత్తికి అడ్డుచెప్పిన శాస్త్రం ఆకలికి దారి వదిలింది. ఇది పొరపాటున జరిగిన మరపు కాదు. రాజు గెలుపు కోసం తెలిసే ఇచ్చిన సడలింపు.

ఈ సీమల్లో ఎంతో కొంత రక్షణ దొరికిన దండు జనం లంబాడీలు. భార్యాబిడ్డలతో తాండాకు తాండా ఎద్దుల మీద ధాన్యం వేసుకుని సేనల వెంట నడిచేవారు. 1791-92లో శ్రీరంగపట్నం మీదికి నడిచిన ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ సేనకు వాళ్ల గింజలే ఆధారమయ్యాయి. వాళ్ల జోలికి పోకపోవడం రెండు పక్షాలకూ ఆనవాయితీ. అయితే అందులో దయకన్నా అవసరం పాలు ఎక్కువ. ఇవాళ నీ దండుకు తెచ్చిన ధాన్యం రేపు నా దండుకు రావాలి కదా.

దండు వెంట నడిచే జనాన్ని భారతం ఎరగదని కాదు. ఉద్యోగపర్వంలో ద్రౌపది ఉపప్లావ్యంలోనే ఉండిపోగా, పాండవ సేన వెంట బండ్లతో వర్తకులూ వేశ్యలూ బయలుదేరతారు. యుద్ధం ముగిశాక వచ్చే స్త్రీపర్వం మాత్రం గాంధారి వెంట వచ్చిన రాజస్త్రీల శోకంతో నిండి ఉంటుంది.