అనల్ మాలిక్: సార్వభౌమత్వం ఎవరి సొత్తు?

రాజ్యాధికారం దైవదత్తమా, వంశపారంపర్యమా, ప్రజలిచ్చినదా అన్న ప్రశ్న రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఐరోపా రాచరికవాద పక్షాలనే కాక హైదరాబాదు సంస్థానాన్నీ కలవరపెట్టింది. 1927లో మత, సాంస్కృతిక సంస్థగా మొదలైన మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్, బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో రాజకీయ పక్షంగా ఎదిగి, ‘అనల్ మాలిక్’, అంటే ‘నేనే ప్రభువును’, అనే సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చింది. దాని ప్రకారం సార్వభౌమత్వం, అనగా మరొకరి ఆజ్ఞకు లోబడని పాలనాధికారం, సంస్థానంలోని ముస్లిం సమాజానిదే; నిజాం సింహాసనం దానికి ప్రతీక మాత్రమే.

రాచరికానికి అండగా నిలిచిన ఈ వాదం ఆ విధంగా రాజునే ప్రతీక స్థాయికి దించింది. అంతకన్నా లోతైన చిక్కు మతపరమైనది: ఇస్లామీయ చింతనలో సర్వాధిపత్యం అల్లాహ్‌దే కాగా, పాలకుడి చేతిలోని అధికారం అమానతు, అంటే నమ్మి అప్పగించినందువల్ల లెక్క చెప్పవలసిన సొమ్ము. జనాభాలో సుమారు ఎనిమిదో వంతు ఉన్న సమాజానికి దానిని జన్మహక్కుగా కట్టబెట్టడమంటే, బాధ్యతను ఆస్తిగా మార్చడమే.

ఆ జన్మహక్కు ఎంత నిజమో భూమిని చూస్తే తెలుస్తుంది: ఇబ్రహీంపట్నం వంటి ఊళ్లున్న హైదరాబాదు పరిసరాలలో చాలా భాగం అప్పట్లో సర్ఫెఖాస్, అంటే ఆదాయమంతా నిజాం సొంత ఖజానాకు చేరే భూమి. అక్కడ చెరువు కింద మడి దున్నే రైతు హిందువైనా, ముస్లిమైనా, అతని శిస్తు చేరేది ఆ ఖజానాకే. కనుక ప్రభుత్వం తనదేనన్న నినాదం పేద ముస్లింకు గర్వాన్ని ఇచ్చిందే గాని, భూమినీ, పాలనలో మాటనూ ఇవ్వలేదు.

1944లో బహదూర్ యార్ జంగ్ మరణించాక, మజ్లిస్ నాయకుడైన కాశిం రజ్వీ చేతిలో ఈ సిద్ధాంతం ఆ పక్షపు సాయుధ స్వచ్ఛంద దళమైన రజాకార్ల ఆయుధంగా మారింది. దానిని ఎదిరించిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్, తానూ ముస్లిమే అయినా, 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. మరుసటి నెలలో భారత ప్రభుత్వ సైనిక చర్యతో రజాకార్ల కథ ముగిసింది గాని, ఆ వెంటనే చెలరేగిన ప్రతీకారానికి ఏ పాపమూ ఎరుగని ముస్లింలు బలయ్యారు. సర్ఫెఖాస్ 1949లో ప్రభుత్వంలో కలిసిపోగా, 1950లో నిజాం భారత రాజ్యాంగానికి లోబడిన రాజప్రముఖుడు, అంటే రాష్ట్ర లాంఛనాధిపతి, అయ్యాడు. పుట్టుకను బట్టి ప్రభుత్వాన్ని పంచే సిద్ధాంతం, ఏ మతం పేరు చెప్పుకున్నా, చివరకు రాజునూ కాపాడలేదు, తాను ప్రభువులని పిలిచిన ప్రజలనూ కాపాడలేదు.