మనకి పెట్టిన పేర్లు, మనం పెట్టుకున్న పేర్లు

రెండేళ్ల క్రితం ఓ శుక్రవారం సాయంత్రం నేనొక ఎక్సెల్ షీటు నింపాను. క్లయింటు బడ్జెట్ తగ్గించాడు, టీములో ఎవరు లేకపోయినా పని నడుస్తుందో చెప్పమని మేనేజరు అడిగాడు. “ఇద్దరు రిసోర్సుల్ని రిలీజ్ చెయ్యొచ్చు” అని రాసి, రెండు పేర్ల పక్కన టిక్కు పెట్టి, ఇంటికెళ్లి బిర్యానీ ఆర్డర్ పెట్టుకున్నాను. ఆ ఇద్దరిలో ఒకడు రోజూ నాతో కలిసి భోంచేసేవాడు. సోమవారం క్యాంటీన్లో బాక్సు మూత తీస్తూ “నన్ను రిలీజ్ చేశార్రా” అన్నాడు. కాసేపాగి తనే నవ్వి, “థియేటర్లోకా, జైల్లోంచా?” అన్నాడు. ఆ షీటు నింపింది నేనని వాడికి తెలీదు. ఆ రోజు నేను చెప్పలేదు.

మనం వాడే మాటల్లో మన ఆశయాలూ కలలూ కనపడతాయా అన్న ప్రశ్న నాకు అప్పటిదాకా పుస్తకాల ప్రశ్న. కనపడతాయనే అనేవాణ్ణి. సాహిత్యం చదివేవాళ్లకి ఆ జవాబు ఇష్టం కూడా, మనం మోజుపడే మాటలకి అంత బరువుందని చెప్తుంది కాబట్టి. కానీ ‘రిసోర్స్’ అన్న మాటలో నా కల ఏముంది? దాన్ని నేను ఎంచుకోలేదు. టెంప్లేట్‌లో ఆ కాలమ్ పేరే అది. అయినా ఆ మాట నాకో పని చేసిపెట్టింది. ‘నా ఎదురుగా కూర్చుని తినేవాణ్ణి తీసెయ్యండి’ అని రాయాల్సొస్తే, ఆ శుక్రవారం అంత త్వరగా ఇంటికెళ్లేవాణ్ణి కాదు.

కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. మాటలో కనపడే కల ఎవరిది? అన్న మనిషిదా, ఎవర్ని గురించి అన్నారో వాళ్లదా? తెలుగునేల మీద ఈ ప్రశ్నని నాకన్నా చాలా ముందు, చాలా ఎక్కువ పణంగా పెట్టి అడిగినవాళ్లున్నారు. నా ఆఫీసు గొడవనీ వాళ్ల చరిత్రనీ ఒకే తూకంలో పెట్టట్లేదు. నాకు అర్థం కానిది వాళ్ల దగ్గర నేర్చుకుంటున్నాను, అంతే.

1917లో బెజవాడలో ఓ మహాసభ జరిగింది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పిలిచినప్పుడు దాని పేరు పంచమ మహాసభ, ముగిసేటప్పటికి ఆది ఆంధ్ర మహాసభ. మధ్యలో జరిగిందేమిటంటే, వచ్చినవాళ్లు తమ పేరు మార్చుకున్నారు. పంచమ అంటే ఐదోది. నాలుగు వర్ణాలు లెక్కపెట్టుకోవడం అయిపోయాక, బయట మిగిలిపోయినవాళ్లకి వేసిన అంకె. ఎవరో లెక్కపెడితే వచ్చిన అంకె అది, ఆ లెక్క మొదలుపెట్టినవాడు తనని ఒకటో స్థానంలో పెట్టుకున్నాడు. ‘ఆది’ అనగానే లెక్క తిరగబడింది. ఈ నేలకి మొదటివాళ్లం మేమే అని చెప్పుకున్నారు. నాలుగక్షరాల ‘ఆది ఆంధ్ర’లో ఒక కల పూర్తిగా పట్టింది. అందులో నేల ఉంది, వరస ఉంది, ఎవరి దయా అక్కర్లేదన్న ధీమా ఉంది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఈ కొత్త పేర్లని ఒప్పుకుంది.

‘మాటల్లో కలలు కనపడతాయి’ అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కానీ కథ అక్కడ ఆగలేదు. 1933లో గాంధీ ‘హరిజన్’ పత్రిక మొదలుపెట్టారు, ఆ మాట దేశమంతా పాకింది. అందులోనూ కల ఉంది, నిజాయితీ కూడా ఉందనే అనుకుంటాను. అయితే ఆ కల గాంధీది. పేరు మోయాల్సింది వేరేవాళ్లు. అంబేద్కర్ ఆ మాటని ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఒకరి కలని ఇంకొకరికి పేరుగా తగిలిస్తే, అది ఎంత అందమైనదైనా మీద వేసిన శాలువాలాగే ఉంటుంది. కప్పినవాడికే ఫొటో బాగా వస్తుంది.

ఇలాంటిది మనం ఈమధ్య కూడా చూశాం. 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగంలో వికలాంగుల్ని దివ్యాంగులని పిలుద్దామన్నారు. తెలుగు ప్రభుత్వ ప్రకటనల్లోకీ ఆ మాట వచ్చేసింది. వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్లు చాలామంది అభ్యంతరం చెప్పారు. మాలో దివ్యత్వం వెతకొద్దు, మెట్ల పక్కన ర్యాంపు కట్టండి అన్నది వాళ్ల వాదన సారాంశం. హరి, దివ్యం. రెండుసార్లూ దేవుణ్ణే ఇచ్చాం. దేవుణ్ణి ఇవ్వడానికి బడ్జెట్ అక్కర్లేదు.

మరి ఆ పేరు మోసినవాళ్లు తర్వాత ఏ మాట ఎంచుకున్నారు? 1985 జులైలో కారంచేడు జరిగింది. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. దళిత అంటే నలగ్గొట్టబడినవాళ్లు. ‘ఆది’తో పోల్చి చూస్తే ఇది దిగుడులా కనపడుతుంది. మొదటివాళ్లం అన్నచోటు నుంచి నలిగినవాళ్లం అన్నచోటికి. కలని వదిలేసి గాయాన్ని పేరుగా పెట్టుకున్నారేంటని నేనూ అనుకున్నాను, చాలాకాలం. ఇప్పుడు వేరేలా అర్థమవుతోంది. నలిగాం అన్నప్పుడు నలిపినవాడెవడన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ‘ఆది’ అన్న మాట విని పక్కవాడు తలూపి వెళ్లిపోవచ్చు. ‘దళిత’ అన్న మాట విన్నాక అంత తేలిగ్గా వెళ్లలేడు. పైగా ‘ఆది ఆంధ్ర’ అప్పటికే కుల సర్టిఫికెట్‌లో ఓ గడి అయిపోయింది. కలలు కూడా వాడగా వాడగా ఫారాల్లోకి చేరతాయి.

1994లో మొదలైన మాదిగ దండోరా ఇంకో అడుగు ముందుకేసింది. అసలు మాటే మార్చలేదు. ఊళ్లో తిట్టుగా వాడుతూ వచ్చిన కులం పేరునే తీసుకుని, చాలామంది తమ పేరు చివర పెట్టుకున్నారు. రెడ్డి, శర్మ, రావు ఉండగా లేనిది మాదిగ ఉంటే ఏమిటని అడిగారు. అవే అక్షరాలు, అదే ఉచ్చారణ. రచ్చబండ దగ్గర ఒకడు ఇంకొకణ్ణి పిలిస్తే తిట్టు. వేదికెక్కి మనిషి తనే చెప్పుకుంటే ఎత్తిన తల. నిఘంటువు తీస్తే ఈ తేడా కనపడదు. మాటలో కల ఉంటుందా అని మాటని కోసి చూసి లాభం లేదని నాకు ఇక్కడే అనిపించింది.

దీన్నుంచి నేనో పరీక్ష తయారుచేసుకున్నాను. ఇంజనీరు బుద్ధి, టెస్ట్ కేసు లేకపోతే నిద్రపట్టదు. ఏ మాటనైనా ఉత్తమపురుషలో పెట్టి చూడాలి. ‘మేం ఆది ఆంధ్రులం’ అన్నారు. ‘మేం దళితులం’ అంటున్నారు. ‘నేను రిసోర్సుని’ అని మాత్రం నేనెక్కడా వినలేదు. పెళ్లిచూపుల్లో కూడా ఎవడూ అలా చెప్పుకోడు. ‘నేను’ పక్కన నిలబడలేని మాట ఎవరి గురించైనా వాడుతున్నామంటే, ఆ మనిషిని మాట్లాడే మనిషిగా లెక్కలోంచి తీసేసినట్టే.

ఈ పరీక్ష చూసుకుని కొన్నాళ్లు మురిసిపోయాను. తర్వాత తెలంగాణలోనే దానికి గండి పడింది. ‘నీ బాంచెన్, కాల్మొక్త.’ దొర ముందు నిలబడి తరతరాలు అన్న మాట. నీ బానిసని అని. పక్కా ఉత్తమపురుష. ఎవరి గురించో కాదు, మనిషి తన నోటితో తన గురించే అన్నది. నా పరీక్షలో ఇది పాసవుతుంది. పాసవకూడదు కదా.

ఆ మాటా ఈ మాటా పక్కపక్కన పెట్టుకుని చూస్తే తేడా వ్యాకరణంలో దొరకలేదు, ఎదురుగా ఎవరున్నారన్నదాంట్లో దొరికింది. బాంచెన్ అన్నప్పుడు ఎదుట దొర ఉన్నాడు. అనకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. బెజవాడ సభలో ‘ఆది’ అన్నప్పుడు ఎదుట ఉన్నది సాటివాళ్లు. అక్కడ అనకపోయినా ఎవరూ కొట్టరు. కావాలని అన్న మాట అది. పరీక్ష ఇప్పుడు కాస్త మారింది: ఆ మాటని ఆ మనిషి తనవాళ్ల మధ్య, భయం లేకుండా, తన గురించి తను చెప్పుకుంటాడా? సాయుధ పోరాటం గురించి చెప్పేవాళ్లు బాంచెన్ అన్న చేతులు ఆయుధం పట్టాయంటారు. నోరు మానెయ్యడం కూడా అక్కడ అంతే పెద్ద విషయమని నా అనుమానం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి నా జవాబు సగమే. మన గురించి మనం స్వేచ్ఛగా ఎంచుకున్న మాటల్లో మన కలలు కనపడతాయి. ఇతరుల గురించి వాడే మాటల్లో కనపడేది వేరు. వాళ్లకి మనం ఎంతవరకు జవాబు చెప్పాలనుకుంటున్నామో, ఆ కొలత అందులో కనపడుతుంది. రిసోర్స్ అన్నాక నేనెవరికీ జవాబు చెప్పక్కర్లేదు. కాలమ్ పేరు ‘మనుషులు’ అని మార్చినంతమాత్రాన ఆ రెండు ఉద్యోగాలు నిలబడేవా? నిలబడేవి కావు. బడ్జెట్ బడ్జెట్టే. కాకపోతే టిక్కు పెట్టేముందు వాడితో ఓ మాట అనేవాణ్ణేమో, వాడికి ఇంకో టీములో చోటుందేమో అడిగేవాణ్ణేమో. ఆ ‘ఏమో’లన్నీ ఆ ఒక్క మాట నాకు తప్పించి పెట్టింది.

పోయిన నెల వాడికి ఫోన్ చేసి చెప్పేశాను. ఇప్పుడు బెంగళూరులో ఇంకో ఉద్యోగంలో ఉన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తిడతాడనుకున్నాను.

“ఆ షీట్లో నీ పేరుందా?” అన్నాడు.

ఉంది. టీములో అందరి పేర్లూ ఉన్నాయి. నాది నాలుగో వరసలో, అదే కాలమ్ కింద. నింపింది నేనే అయినా, వాడు అడిగేదాకా ఆ వరస నా కంటికి ఆనలేదు.