పట్టణమును ఏ కొండమీదనుండి చూడవలెను?

క్రిందటి సంక్రాంతికి ముందు మా సంఘములోని యువకులు ఐదుగురు విశాఖపట్టణము చూచి రావలెనని నిశ్చయించుకొని మా యొద్దకు వచ్చిరి. రైలు సంగతి, బస సంగతి వారే చూచుకొనిరి. వారు మమ్మునడిగినది ఒక్కటే. "అయ్యగారూ, పట్టణమంతా బాగా కనబడే చోటు ఏదండీ? ఉండేది ఒక్కరోజు. ఏ కొండెక్కితే మంచిది?"

ప్రశ్న చిన్నది. అప్పటికప్పుడు మేము చెప్పిన జవాబును చిన్నదే. కాని ఆ రాత్రి పండుకొనిన తరువాత మా మనస్సులో తిరిగిన జవాబు మరియొకటి. వారు బయలుదేరుటకు ఇంకను నాలుగు దినములుండెను గనుక దానినిగూడ వారితో చెప్పితిమి. ఇప్పుడు చదువరుల యెదుట పెట్టుచున్నాము.

విశాఖపట్టణమునకు కొండల కొదువ లేదు. ఉత్తరమున సింహాచలము కొండల వరుస, దక్షిణమున యారాడ కొండల వరుస, తూర్పున సముద్రము. నడుమ లోతుపళ్ళెములో వడ్డించినట్లు పట్టణము. ఎవరిని అడిగినను మొదట చెప్పునది కైలాసగిరి. మేమును అదే చెప్పితిమి. శివపార్వతుల పెద్ద విగ్రహములున్న ఆ కొండమీద దక్షిణపు అంచున నిలిచినయెడల లాసన్స్ బే, రామకృష్ణా బీచి, వాటి వెనుక మేడల వరుసలు, కొసకు డాల్ఫిన్ నోస్ వరకు తీరమంతయు కొడవలివలె వంగి కనబడును. ఉత్తరపు అంచున నిలిచినయెడల ఋషికొండ వైపు తీరము కనబడును. ఉదయమే పోవువారు ఒక సంగతి మరచెదరు. అక్కడ సూర్యుడు సముద్రముమీదనే లేచును గనుక వెలుగు నేరుగా కండ్లలో కొట్టును. నీళ్ళు తళతళలాడును గాని ఇండ్లు మసకగా నుండును. మధ్యాహ్నము మూడు గంటలు దాటినయెడల వెలుగు పడమటనుండి, మన వీపుమీదుగా వచ్చును. అప్పుడు సముద్రము నీలముగాను, ఇండ్లు విడివిడిగాను కనబడును. వానలు వెలిసిన కార్తిక మాసములో గాలి నిర్మలముగా నుండును. సంక్రాంతి దినములలో తెల్లవారుజామున మంచు తెర దించును. సూర్యోదయమే చూడవలెనను పట్టుగలవారితో మాకు వాదము లేదు.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను ఆ పట్టణముమీద పడి కొండలమీది చెట్లను విరిచివేసినది. తరువాత కొన్నాళ్ళకు అక్కడ ఛాయాచిత్రములు తీయు ఒక మనుష్యుడు, "చెట్లు పోయాక ఊరు ఇంకా బాగా కనబడుతోందండీ" అని మాతో చెప్పెను. ఆ మాట మాకు మింగుడుపడలేదు. అతడు చెప్పినది అబద్ధము కాదు.

ఓడలను చూడగోరువానికి డాల్ఫిన్ నోస్ మంచిది. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ఆ రాతికొండమీద 1957లో కట్టిన దీపస్తంభము ఉన్నది. ఓడరేవు కాలువ దాని పాదముననే పోవును. 1933లో రేవు తెరచిన నాటినుండి లోపలి రేవునకు వచ్చు ప్రతి ఓడయు ఆ కొండ నీడనే దాటవలెను. అయితే ఆ కొండలో చాల భాగము నౌకాదళమువారి స్వాధీనములోనిది గనుక ఇష్టము వచ్చినట్లు తిరుగుటకు వీలులేదు. కాలువకు ఇవతల పాతపట్టణములో మూడు గుట్టలు పక్కపక్కనే ఉన్నవి. ఒకదానిమీద వేంకటేశ్వరుని గుడి, ఒకదానిమీద దర్గా, మూడవదియైన రాస్ కొండమీద రోమను కతోలికుల మరియమాత గుడి. కొన్ని విషయములలో వారికిని మనకును భేదమున్నను, మంచి స్థలమే యేర్పరచుకొనిరని ఒప్పుకొనక తప్పదు. ఓడ కాలువలోనికి మలుపు తిరుగుట అక్కడనుండి చూచినంత బాగుగా మేము మరెక్కడను చూడలేదు.

భీమునిపట్టణము త్రోవలో తొట్లకొండ యున్నది. 1976లో నౌకాదళమువారు విమానములోనుండి ఆ ప్రాంతమును పరిశీలించుచుండగా అక్కడి పూర్వకాలపు బౌద్ధ విహారము బయలుపడినది; 1988 మొదలు 1993 వరకు త్రవ్వకములు జరిగినవి. మంగమారిపేట తీరము క్రిందనే కనబడును. రెండువేల యేండ్లకు పూర్వము ఆ కొండమీద నివసించిన భిక్షువులు వాననీరు నిలువ చేసికొనుటకు రాతిలో తొట్లు తొలిచిరి. ఆ తొట్లవలననే కొండకు ఆ పేరు వచ్చినది. అక్కడికి పోవువారు సముద్రముమాత్రమే చూచి తిరిగివత్తురు. మేమైతే ఆ తొట్లయొద్ద చాలసేపు నిలిచితిమి. కొండమీద కాపురముండువానికి దృశ్యము ఊరకే దొరకును, నీళ్ళు మాత్రము ఊరకే దొరకవు.

యువకులతో మొదట చెప్పినది ఇంతవరకే. రాత్రి మాకు నిద్రపట్టనీయని ప్రశ్న ఏదనగా, ఎత్తుననుండి ఊరును చూచి ఆనందించుట ఎంతవరకు నిర్దోషమైనది? ఎత్తునకు దుర్వాసన రాదు, గొడవ వినబడదు, అప్పులవాడు కనబడడు. రేకుల కప్పులును మేడల కప్పులును ఎండలో ఒక్క తీరుగానే మెరయును. పదునేడు లక్షలకు పైగా జనులున్నారని 2011 జనాభా లెక్కలు చెప్పిన పట్టణములో, కొండమీదనుండి చూచువానికి ఒక్కని ముఖమైనను కనబడదు. ముఖములు కనబడని చోట మనస్సు నెమ్మదిగా నుండుట ఆశ్చర్యము కాదు. ఆ నెమ్మదిని మనము పరిశుద్ధత యని భ్రమపడుచుందుము. ఈ భ్రమ మాకును కలదు.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున గోపాలపట్నము దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురములో జరిగినది చదువరులు మరచియుండరు. ఒక కర్మాగారపు తొట్టినుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రలోనున్న ఊరిమీదికి పోయినది. అది గాలికంటె బరువైనది గనుక పైకి పోక నేలను పట్టుకొని పల్లమునకు పారినది. 12 మంది చనిపోయిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. కట్టుకొయ్యలయొద్ద పశువులు కూలినవి. ఆ వేకువను ఎవడైనను సింహాచలము కొండమీద నిలిచి క్రిందికి చూచియున్నయెడల వానికి కనబడునది ఏమి? తెల్లని మంచుతెర వంటిది. అందముగా ఉన్నదని అనుకొనియుండును. వానిని మేము నిందింపలేము. అక్కడనుండి అంతకంటె ఎక్కువ కనబడదు.

యోనా నీనెవె పట్టణమునకు తూర్పు తట్టున పందిలి వేసికొని కూర్చుండిన సంగతి మనమెరుగుదుము. అది ఎత్తయిన చోటని వ్రాయబడలేదు. గాని పట్టణమంతయు కనబడు చోటనియు, దాని కేడు తనకు తగులని చోటనియు అతడు ఏరుకొనినట్లే తోచును. తలకు నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోగానే అతనికి వచ్చిన దుఃఖము పట్టణమును గూర్చి రాలేదు. అప్పుడు దేవుడతనికి చూపినది దృశ్యము కాదు, లెక్క. కుడియెడమలు ఎరుగని మనుష్యులు 1,20,000కు పైగా, వారితోకూడ పశువులు. పశువులను ఎందుకు లెక్కించెనని వేదపాఠశాలలో చదువుకొను దినములలో మేము ఎంతో తర్కించితిమి. వెంకటాపురములో చచ్చిన ఆవుల చిత్రములను వార్తాపత్రికలో చూచిన దినమున ఆ తర్కము మానితిమి.

ఇట్లని కొండ యెక్కుట తప్పు అని మేము చెప్పము. ఎత్తునుండి గాని తెలియని సంగతులున్నవి. పాతపట్టణములోని గృహిణి తన కిటికీమీద ప్రతి దినము నల్లని ధూళి తుడుచును. ఓడరేవు బొగ్గు తమ యిండ్లమీద పడుచున్నదని ఆ వీధులవారు చాలకాలముగా మొరపెట్టుచునే యున్నారు. వీధిలో నిలిచినవానికి ధూళి తెలియును గాని అది ఎందుకు పోకున్నదో తెలియదు. కొండ యెక్కినవానికి రెండు కొండవరుసల నడుమ పొగ పళ్ళెములో నిలిచిన గంజివలె కదలక యుండుట కనబడును. చూచినవాడు ఆ సంగతి ఎరుగని వానివలె క్రిందికి దిగి రాగలడా? మా ప్రశ్న అది. చూచుట చాలునా, లేక చూచినవాడు సాక్షి అయిపోవునా?

ఇంతకును మేము సాక్షులమై చేసినదేమి? పది సంవత్సరముల క్రిందట మా సంఘపు కుటుంబములోని అమ్మాయి కాపురము చూచుటకు విశాఖపట్టణము వెళ్ళితిమి. భర్త రేవులో కూలి. ఇల్లు పట్టణపు పడమటి వైపున ఒక కొండవాలు బస్తీలో. క్రిందనుండి వారి గుమ్మమువరకు మేము లెక్కపెట్టిన మెట్లు 118. కొన్ని సిమెంటువి, కొన్ని రాయి, కొన్ని మట్టిని తన్ని చేసినవి. ఎగశ్వాసతో పైకి చేరి వెనుకకు తిరిగి చూచునప్పటికి మా నోట మాట రాలేదు. రేవులోని క్రేనులు, దూరమున డాల్ఫిన్ నోస్, దాని పక్కన గీచినట్లు సముద్రము. రుసుము చెల్లించి చూడవలసిన దృశ్యము వంటింటి గుమ్మములో ఉన్నది. "ఎంత భాగ్యవంతులమ్మా మీరు!" అని అంటిమి. ఆ యమ్మాయి నవ్వి, "ఏటి భాగ్యం అయ్యగారూ, రోజూ ఉన్నదే కదా. కాళ్ళు కడుక్కోండి" అనెను.

గుమ్మము పక్కన ఇత్తడి బిందె, చెంబు ఉండెను. ఎండలో మెట్లెక్కిన కాళ్ళకు నీళ్ళు చల్లగా తగిలినవి. చెంబు తరువాత చెంబు పోసికొంటిమి. మోకాళ్ళవరకు కడుగుకొంటిమి, ముఖము కడుగుకొంటిమి, మెడమీదను చల్లుకొంటిమి. అంతలో ఒక ఓడ కదలుచుండగా దానిని భర్తకు చూపి, అది ఏ దేశపు ఓడయో అని అడుగుచుంటిమి. వారి తొమ్మిదేండ్ల పిల్ల మాట్లాడక వచ్చి, బిందె వంచి చూచి, చంకనెత్తుకొని మెట్లు దిగిపోయినది. మేము గమనింపలేదు. ఓడను చూచుచుంటిమి. పిల్ల తిరిగి వచ్చునప్పటికి ఓడ కాలువ దాటిపోయినది. బిందె ముప్పాతిక నిండియుండెను, గౌను ఒకవైపు తడిసియుండెను. కుళాయి క్రింద, మొదటి మెట్టుయొద్ద ఉన్నదని అప్పుడు మాకు తెలిసినది. వచ్చునప్పుడు మేము దాని పక్కనుండియే వచ్చితిమి.

ఆ యమ్మాయి మాతో ఒక్కమాట అనలేదు. టీ ఇచ్చినది. బయలుదేరునప్పుడు మాత్రము, పైకి గొట్టము వేయించుమని బస్తీవారు పెట్టిన అర్జీ ఒక కార్యాలయములో సంవత్సరముగా కదలక యున్నదనియు, అయ్యగారు ఒక ఉత్తరము వ్రాసిన బాగుండుననియు చెప్పెను. వ్రాసెదమంటిమి. వ్రాయుటకు నాలుగు మాసములు పట్టినది. పండుగలు వచ్చినవి, పెండ్లిండ్లు వచ్చినవి, సాకులకు కొదువేమి? రెండేండ్ల తరువాత గొట్టము మెట్ల సగమువరకు వచ్చినది. మా ఉత్తరమువలన వచ్చినదని చెప్పుకొనుటకు ధైర్యము లేదు.

లూకా సువార్త పందొమ్మిదవ అధ్యాయములో మన ప్రభువు యెరూషలేమును చూచి ఏడ్చిన సమయమును గమనించుడి. ఆయన ఒలీవల కొండనుండి దిగుచుండెను. శిఖరమున కూర్చుండి చూడలేదు. ఏ వీధులను చూచి ఏడ్చెనో ఆ వీధులలోనికే నడచి పోవుచుండెను. మా యువకులతో రెండవసారి మేము చెప్పిన జవాబు ఇక్కడనుండియే వచ్చినది. కైలాసగిరికి పొండి, మధ్యాహ్నము మూడు దాటిన తరువాత పొండి, రాస్ కొండనుగూడ విడువకుడి. కాని ఒక పూట ఆ బస్తీకి పోయి ఆ మెట్లు ఎక్కుడి. ఓడలు కనబడునంత ఎత్తు, బిందెల చప్పుడు వినబడునంత దగ్గర. ఉట్టిచేతులతో ఎక్కవద్దు. సగములో కుళాయియున్నది, మనిషికి ఒక బిందె.

చిరునామా వ్రాసి యిచ్చితిమి. వారు పోయి వచ్చిరి. కైలాసగిరి బాగున్నదనిరి, మంచు మూలమున దూరము కనబడలేదనిరి, సెల్‌ఫోనులలోని చిత్రములు చూపిరి. బస్తీకి పోయితిరా అని అడిగితిమి. పోయిరట. ఆ పిల్ల ఇప్పుడు కళాశాలలో చదువుచున్నదట, వీరిని చూచి, "మామీద జాలిపడి వచ్చారేటి?" అని మొదట కోపపడి, తరువాత బిందెలు ఇచ్చినదట. వారిలో చిన్నవాడు మాత్రము మా లెక్క తప్పు అనెను. మెట్లు 118 కావు, 121. వానలకు మట్టిమెట్లు కొట్టుకొనిపోగా బస్తీవారే మరల కట్టుకొనిరట.