టైల్ వెనక గోడ: గీత చెప్పిన "అధిష్ఠానం"



ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు ఉండాలని భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకంలో స్వామి చెప్తాడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. మనం కర్త గురించి, దైవం గురించి ఎంతైనా మాట్లాడతాం. వరసలో మొదటిదాన్ని మాత్రం గబగబా దాటేస్తాం. అధిష్ఠానం అంటే ఆధారం. గుడి గోడల కింద ఉండే పీఠభాగానికి కూడా శిల్పులు వాడే పేరు ఇదే.

ఈ మాట నాకు సరిగ్గా పట్టుబడింది పెద్దేముల్‌లో, మా ఇంటి దేవుడి గోడకి టైల్స్ వేయించేటప్పుడు. తాండూరు పక్కనే కాబట్టి కింద నాపరాయి ఎప్పట్నుంచో ఉంది. గోడకి వేంకటేశ్వర స్వామి బొమ్మ ఉన్న సిరామిక్ టైల్స్ కావాలని అమ్మ కోరిక, అదీ వరలక్ష్మీ వ్రతం లోపు. మేస్త్రీ టైల్స్ పెట్టె విప్పనే లేదు. రూపాయి బిళ్లతో గోడంతా తట్టుకుంటూ పోయాడు. చాలాచోట్ల డొల్లగా మోగింది.

"సున్నం మీద అతికిస్తే టైల్ సున్నాన్ని పట్టుకుంటదమ్మా, గోడని పట్టుకోదు. సున్నం ఊడిననాడు రెండూ కలిసి పడ్తయ్" అన్నాడు.

సరిగ్గా ఆ గోడ కిందే అమ్మ రోజూ దీపం పెడుతుంది.

లప్పం, పెయింట్ మీద అతికించినా ఇదే కథ. జిప్సం బోర్డు పొడిగా ఉండేచోట పర్లేదు గానీ, అభిషేకం నీళ్లు చిందేచోట దాని అట్ట మెత్తబడిపోతుంది. ప్లైవుడ్ తేమకి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. టైల్ అలా సాగదు కాబట్టి సందులు పగులుతాయి. ఫ్లాట్‌లో పార్టిషన్ గోడ అయితే సిమెంట్ బోర్డు మేలు. రాతి గోడో ఇటుక గోడో అయితే డొల్ల పూతంతా చెక్కేసి, సిమెంట్ ప్లాస్టరింగ్ చేసి, నున్నగా కాకుండా గరుకుగా వదిలి, కనీసం వారం నీళ్లు కొట్టి, ఆరనివ్వాలి. గోడలో చెమ్మ ఉంటే ముందు దాని సంగతి చూడాలి. ఎంత ఖరీదైన గమ్ తెచ్చినా దాని పట్టు వెనకున్న పొర బలం వరకే.

వ్రతం ఉత్త సిమెంట్ గోడ ముందే జరిగింది. నాకైతే అందులో లోటేం కనిపించలేదు.

ఆ శ్లోకంలో అధిష్ఠానం అంటే శరీరమే అని శంకరాచార్యుల భాష్యం. ఇప్పుడు మన సంగతి చూడండి. రిలీజ్ ఉందని రాత్రి 2 దాకా లాప్‌టాప్ ముందు కూర్చుంటాం. 4 గంటలకి లేచి 108 జపం చేస్తానని సంకల్పం చెప్పుకుంటాం. పదో రోజుకి ఆగిపోతుంది. "నాలో భక్తి లేదు" అని కర్తని తిడతాం, లేదా "స్వామి దయ లేదు" అని దైవం మీద పెడతాం. జపంలో ఏ లోపమూ లేదు. అది అతుక్కోవాల్సిన ఒళ్లే డొల్లగా మోగుతోంది. అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదని 6వ అధ్యాయంలో స్వామే అన్నాడు కదా.

నిద్ర సరిచేసుకోవడం కూడా సాధనేనా అంటే, నా లెక్కలో అవును. గోడ చెక్కిన రోజులకి కూడా మేస్త్రీ కూలి తీసుకున్నాడు మరి!

అందుకని ముందు ఒక పదిహేను రోజులు పడుకునే టైం ఒక్కటే స్థిరం చేసుకోండి. తర్వాత 11 సార్లు జపంతో మొదలుపెట్టండి, 108 తర్వాత చూద్దాం. నైట్ షిఫ్ట్ వాళ్లు 4 గంటల నియమం పెట్టుకోవద్దు. నిద్ర లేచి స్నానం చేశాక, అది మధ్యాహ్నం అయినా సరే, కూర్చోండి.