ప్లాస్టిక్ గొట్టానికి శుద్ధి ఏది?

మా అమ్మ మడికి ప్లాస్టిక్ పనికిరాదు. మడినీళ్ళు ఇత్తడి బిందెలోనే. బాత్‌రూమ్ బాగుచేయిస్తూ గోడలోని బీడు గొట్టాలు తీసేసి పీవీసీవి వేయిస్తామంటే ఆవిడ వేసిన ప్రశ్నకు నవ్వలేకపోయాను. “ఇనుముకైతే శుద్ధి ఉంది. దీనికేముందే?”

శాస్త్రం ఆవిడ వైపే ఉంది. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ద్రవ్యశుద్ధి ప్రకరణం రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరం, సీసం వీటన్నిటికీ క్షారం, పులుపు, నీళ్ళు చాలంటుంది. మట్టిపాత్ర మైలపడితే మళ్ళీ కాల్చాలి. మలమూత్రాలు తగిలాయా, కాల్చినా పనికిరాదు. మట్టి పీల్చుకుంటుంది, లోహం పీల్చుకోదు, ఇదీ లెక్క అనుకుంటాను. ఆ లెక్కన పీవీసీ కూడా లోహాల పంక్తిలోనే కూర్చోవాలి కదా అన్నాను. “చింతపండుతో తోమితే మెరుస్తుందా?” అంది అమ్మ.

గొట్టం కోసి తీశాక చూస్తే పైన నల్లరంగు అలాగే ఉంది. లోపల మాత్రం తుప్పు పొరలుపొరలుగా పేరుకుపోయి, చెయ్యి పట్టాల్సిన దారి రెండు వేళ్ళు పట్టేంత అయింది. అడ్డంగా పోయే ముక్కకైతే అడుగే లేదు. పైభాగంలోనేమో మురుగులోంచి లేచే వాయువు గొట్టం గోడ తేమలో సూక్ష్మజీవుల వల్ల ఆమ్లమై ఇనుమును తినేస్తుంది. జాయింట్లలో జనపనార కూరి, పైన సీసం కరిగించి పోసిన ఆ పాతకాలపు పనితనం మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. ప్లంబరే మెచ్చుకున్నాడు. శుద్ధికి తగిన లోహమే, కాదనను. తోమేదెవరు?

వెనకటి ఇళ్ళలో దొడ్డి పెరటి చివర ఉండేది. దూరమే మడి. ఇప్పుడు మా దేవుడి గూటికీ, పై అంతస్తువాళ్ళ మురుగు దిగే గొట్టానికీ మధ్య ఒక్క ఇటుక గోడ. బీడు మందం ఆ చప్పుడును మింగేది. పీవీసీ మింగదు, ఇక లలితా సహస్రనామం మధ్యలో వినక తప్పదు. వాసన రానివ్వకుండా కాపాడేది ట్రాప్‌లో నిలిచే 50 మిల్లీమీటర్ల నీళ్ళు. నాలుగు వారాలు ఊరెళ్ళొస్తే అవీ ఆవిరైపోవచ్చు. మా ఇంట్లో ఖచ్చితంగా మడి పాటిస్తున్నది ఆ నీళ్ళేనేమో!

ఆ పూట ప్లంబరు “కాస్త జరగండమ్మా” అని, పూడిన గొట్టంలోకి ఉత్త చెయ్యే పెట్టాడు. అతను వెళ్ళాక అమ్మ అతను నడిచిన దారంతా పసుపునీళ్ళు చల్లింది. ఇక్కడే నాకు ఆవిడతోనూ, శాస్త్రంతోనూ పేచీ. ఏ వస్తువుకు ఏది తగిలింది, దేనితో కడగాలి అని అంత ఓపికగా చెప్పిన ఆ పట్టిక, కడిగిన మురికి ఎవరి దగ్గరికి పోయిందని అడగదు. మన శుచి అంతా గొట్టానికి ఈ చివరే. ఆ చివర మ్యాన్‌హోల్. మనుషుల చేత మలం ఎత్తించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. మురుగు గుంటల్లో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావులు ఆగి ఉంటే పెంచే అవసరమేముంది? ఒకడు దిగితే తప్ప నా స్నానం పూర్తి కాదంటే, దాన్ని శుద్ధి అనలేను. మైలను బదిలీ చేశానంతే.

ఇదంతా అమ్మతో అన్నాను. “గొట్టాలు మార్పిస్తున్నది నువ్వు, నేను కాదు” అంది. న్యాయమే. మర్నాడు ప్లంబరు రాగానే ఆవిడే అడిగింది.

“ఏం నాయనా, ఇది పూడదా?”

“లోపల నునుపండి. తుప్పుండదు. అంత తొందరగా పూడదమ్మా.”

“అయితే ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదుగా. అదే వెయ్యి.”

మడి కోసం అందో, ముందురోజు చూసిన ఆ చేతిని తలుచుకుని అందో నేను తరచి అడగలేదు. ఏదైతేనేం, మనువు పట్టికలో ఆ కారణం లేదు.