పిడికిలికి రెండో తాళంచెవి

కరాటే నేర్పేవాళ్ళ కరపత్రాల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది. కరాటే వల్ల క్రమశిక్షణ, పట్టుదల, సత్ప్రవర్తన అలవడతాయని. మన శ్రీనివాసపురంలోనూ బస్‌స్టాండు గోడల మీద, మామిడికాయల మండీల దగ్గర, కన్నడంలో అచ్చయిన ఇలాంటి కాగితాలు కనిపిస్తుంటాయి. నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో అప్పు అర్జీలు చూస్తున్నవాణ్ణి. ఎవరైనా పెద్దమాట చెబితే దానికి హామీ ఏమిటని వెతకడం నాకు అలవాటు. ఒంటికి సాధన చేయిస్తే గుణం బాగుపడుతుందా? కాలెత్తి తన్నడం నేర్చినవాడు మంచివాడు ఎందుకు కావాలి?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ద్రోణుడు బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని అర్జునుడికీ ఇచ్చాడు, కన్నకొడుకు అశ్వత్థామకూ ఇచ్చాడు. మనుషుల మీద వేయవద్దని ఇద్దరికీ చెప్పాడు. సౌప్తికపర్వంలో ఇద్దరూ వేశారు. వ్యాసుడూ నారదుడూ అడ్డు నిలిచి ఉపసంహరించమన్నప్పుడు అర్జునుడు వెనక్కు తీసుకోగలిగాడు, అశ్వత్థామకు చేతకాలేదు. అది పోయి ఉత్తర గర్భం మీద పడింది. గురువు ఒకడే, విద్య ఒకటే, చివరకు హెచ్చరిక కూడా ఒకటే. శిక్షణ తనంతట తానే గుణాన్ని ఇస్తుందనుకుంటే అశ్వత్థామ లెక్కకు అందడు.

మా బ్యాంకులవాళ్ళం ఈ చిక్కును వేరే దారిలో విప్పుకున్నాం. నగదు గదికి రెండు తాళంచెవులు ఉంటాయి, ఇద్దరి దగ్గర ఉంటాయి. ఇద్దరూ కలిస్తేగాని తలుపు తెరుచుకోదు. ఇందులో ఎవరి సత్ప్రవర్తన మీదా నమ్మకం పెట్టిన పని లేదు. మనిషి ఎంత మంచివాడైనా సరే, రెండో తాళంచెవి పక్కవాడి దగ్గరే. మంచి ఏర్పాటే. అయితే మనిషి పిడికిలికి ఇలాంటి ఏర్పాటు లేదు. కోపం వచ్చిన క్షణంలో తెరిచేవాడూ తానే, మూసేవాడూ తానే. రెండో తాళంచెవి ఉంటే గింటే అది లోపలే ఉండాలి. అసలు ప్రశ్న అక్కడుంది.

కరాటే రాకముందు మన ప్రాంతంలో గరిడీలు ఉండేవి. కన్నడంలో గరడిమనె అంటారు. ఆంజనేయస్వామి పటం, ఎర్రమట్టి గోదా, దండీలు, బస్కీలు. మట్టికి మొక్కిగాని గోదాలో దిగకూడదు. ఆ మట్టి పూసుకున్నవాళ్ళలో ఊరంతా గౌరవించిన ఉస్తాదులూ ఉన్నారు, ఎన్నికలప్పుడు కూలికి కర్ర పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మొక్కు ఇద్దరూ ఒకలాగే మొక్కారు.

కరాటే మాత్రం మనవాళ్ళకు సినిమా దారిలో వచ్చింది. 1973 నాటి ఎంటర్ ది డ్రాగన్ తరువాత బ్రూస్ లీ బొమ్మ లేని మంగలిషాపు లేదు. నిజానికి బ్రూస్ లీ నేర్చింది చైనావారి వింగ్ చున్, తరువాత తానే కూర్చుకున్నది జీత్ కునే దో. కరాటే కాదు. మనకు ఆ తేడాతో పనిలేకపోయింది. కాలు గాలిలోకి లేచిందంటే కరాటేనే.

అసలు కరాటేను జపాను ప్రధాన దీవులకు తెచ్చి ప్రచారం చేసినవారిలో ముఖ్యుడు ఒక బడిపంతులు. గిచిన్ ఫునాకోషి, 1868లో ఓకినావా దీవిలో షూరి పట్టణంలో పుట్టాడు. రాత్రిపూట గురువు ఇంటి దగ్గర నేర్చుకున్నాడు. కరాటేలో కతా అని ఒకటుంది. మన కథ కాదు, ఒక వరుసలో చేయవలసిన కదలికల కూర్పు. అలాంటి మూడు కతాలు నేర్వడానికి ఆయనకు పదేళ్ళు పట్టింది. 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చి అక్కడే ఉండిపోయాడు. శిష్యులకు ఇరవై నియమాలు పెట్టాడు. కరాటేలో మొదటి దెబ్బ లేదన్నది వాటిలో ఒకటి.

నాకు ఆ నియమం కన్నా ఆయన ముసలితనంలో జరిగిన సంగతి ఎక్కువ నచ్చింది. యుద్ధం ముగిసిన రోజుల్లో ఒక రాత్రి దొంగ ఒకడు ఆయన్ను అడ్డగించాడు. దెబ్బ తప్పించుకుని, వాణ్ణి ఆయువుపట్టున పట్టి, పోలీసు వచ్చేదాకా వదల్లేదు. ఎవరైనా అయితే మనవళ్ళను కూర్చోబెట్టుకుని చెప్పుకునేవారు. ఆయన తన ఆత్మకథలో దీన్ని చిన్నతనంగా రాసుకున్నాడు. వాడు యుద్ధం నుంచి తిరిగివచ్చిన దిక్కులేనివాడు, శిష్యులకు వద్దని చెప్పే పని తానే చేశానని. అంత సాధన చేసినవాడు కూడా లెక్క మూసేయలేదు.

2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్సులో మరొకటి జరిగింది. కరాటే పురుషుల చివరి పోటీలో సౌదీ అరేబియా వీరుడు తారెగ్ హమేదీ 4-1తో ముందున్నాడు. అతని కాలు ఇరాను వీరుడు సజ్జాద్ గంజ్‌జాదే మెడకూ తలకూ తగిలి అతను స్పృహ తప్పి పడిపోయాడు. కొట్టినవాణ్ణి అనర్హుడన్నారు, పడిపోయినవాడికి బంగారు పతకం ఇచ్చారు. ఇదేం న్యాయమని లోకమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఆటలో తలకు గురిపెట్టిన దెబ్బను అదుపులో ఉంచాలి, అది నియమం. ఆపలేకపోవడం అక్కడ బలం కాదు, లోపం. పారిస్‌లో 2024లో కరాటేకు చోటు దొరకలేదు, అది వేరే సంగతి.

మా తమ్ముడి కూతురు తొమ్మిదో తరగతి. రెండేళ్ళుగా సాయంత్రాలు కరాటేకు పోతోంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, మైదానంలో ఇచి, ని, సాన్ అని జపానీ లెక్క. ఒకసారి అడిగాను, అన్నిటికంటే ఏది కష్టమే అని. "కొట్టేది కాదు పెదనాయనా, మొగానికి రెండేళ్ళ దూరంలో నిలిపేది కష్టం" అంది. భుజం, నడుము అంతా ముందుకు తోసుకుంటూ పోతుంటే చేయి మాత్రం నిలవాలి. వెయ్యిసార్లు చేస్తేగాని రాదట. అంటే ఆపడం కూడా కండరానికి నేర్పవలసిన విద్యేనన్నమాట, బుద్ధికి చెబితే సరిపోదు.

అయితే గురువు దేన్ని మెచ్చుకుంటాడన్నదాని మీద అంతా ఉంటుంది. పెంకు పగలగొట్టినవాడికి చప్పట్లు, చేయి నిలిపినవాడికి ఏమీ లేదు అంటే పిల్లలు పెంకే నేర్చుకుంటారు. నెలకో రంగు బెల్టు, బెల్టుకో పరీక్ష ఫీజు పెట్టే చోట నేర్చేది ఓపిక కాదు, రసీదు. ఓకినావాలో మొదట ఈ బెల్టులే లేవు. జూడో పెట్టిన జిగొరో కానో పద్ధతి చూసి ఫునాకోషి 1924లో తొలిసారి నల్లబెల్టులు ఇచ్చాడు.

ఆ పిల్ల విషయంలో నేను ఊహించని సంగతి మరొకటి ఉంది. దెబ్బతోపాటు గట్టిగా అరవాలి, దాన్ని కియాయ్ అంటారు. మొదటి నెలంతా దానికి గొంతు పెగలలేదట. మగపిల్లలకు మొదటిరోజే వచ్చింది. మరదలు నాతో "బావా, ఆడబిడ్డకు చెయ్యి గట్టిపడితే నోరూ గట్టిపడుతుంది, రేపు ఎట్ల?" అంది. ఆమె భయం నాకు అర్థమైంది కాని ఒప్పుకోలేదు. నిగ్రహం మన ఆడపిల్లలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. తల వంచుకుని నడవడం, బస్సులో ఎవడైనా మీద పడితే పక్కకు జరగడం, ఇంటికొచ్చి చెప్పకుండా మింగడం, అన్నీ ముందే నేర్పేశాం. అశ్వత్థామకు అస్త్రం వేయడమే వచ్చు, వీళ్ళకు ఉపసంహారమే వచ్చు. అర్జునుడికి రెండూ వచ్చు. మగపిల్లవాడు నిలపడం నేర్చుకోవడానికి పోయే చోటికే ఆడపిల్ల వదలడం నేర్చుకోవడానికి పోవాలి.

ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు సమగ్ర శిక్షా పథకం కింద, రాణీ లక్ష్మీబాయి పేరుతో, మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. మూడు నెలల్లో గొంతు పెగలవచ్చు, అదే చిన్న లాభం కాదు. పిడికిలి నిలపడానికి మాత్రం ఆ గడువు చాలదు. ఆ పైన ఎవరు నేర్పుతారు, ఎక్కడ నేర్పుతారన్నది ఊరిపెద్దలూ, పాత విద్యార్థులూ చూసుకోవలసిన పని. మైదానం ఉంది, సాయంత్రం ఉంది, మాస్టరు జీతం ఒక్కటే కావాలి.

మా తమ్ముడు ఈ ఏడు ఫీజు కట్టాలా మానాలా అని అడిగాడు. కట్టమన్నాను. బెల్టు పరీక్ష మాత్రం ఏడాదికి ఒకటి చాలని మాస్టరుతో చెప్పమన్నాను. ఆ పిల్ల నా మీద అలిగింది. దాని స్నేహితురాలు అప్పుడే ఆకుపచ్చ బెల్టుకు వచ్చేసిందట.